రెండో ట్యూబులో రక్తం ఎవరిది?

కథ ఇప్పుడు రెండు రక్తపు ట్యూబుల దగ్గర నిలిచి ఉంది. మొదటిది బెంగళూరులో, మందు మొదలుపెట్టే ముందు సౌభాగ్యం ఒంట్లోంచి తీసింది. రెండోది తమిళ నెల ఆడిలో వచ్చే ఆడి పద్దెనిమిది పండగ నాడు, పెన్నాగరం దగ్గర ఆమె పుట్టింటికి ఓ ప్రైవేటు ల్యాబు మనిషి వచ్చి తీసుకుపోయింది. రెండింటి మీదా ఒకే పేరు, ఒకే నంబరు. రెండో ట్యూబు ఫలితం చూసిన పరిశోధన కమిటీ, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇస్తున్న కొత్త మందు సౌభాగ్యానికి పనిచేయడం లేదని తేల్చేసింది. ఆమెను ప్రయోగం నుంచి తప్పించే కాగితం కూడా సిద్ధమైంది. అనుమానం వచ్చిన డాక్టర్ నివేదిత ఆ ట్యూబులో మిగిలిన రక్తాన్ని మళ్ళీ పరీక్షకు పెట్టింది. ఆడవాళ్ళ ఒంట్లో ఉండని వై క్రోమోజోము తునకలు అందులో బయటపడ్డాయి.

అది మగవాడి రక్తం.

ఆ ల్యాబు మనిషి ఉద్యోగం మానేసి ఎటో వెళ్ళిపోయాడు. ఫోను ఎత్తడం లేదు. ఇక నివేదిత అడగవలసింది ఆ ఇంటివాళ్ళనే.

శుక్రవారం పదకొండు గంటలకు ఆమె కారు మరవళ్ళి, అంటే కర్రపెండలం, తోటల మధ్య మట్టిదారిలో ఆగింది. పక్క సీటులో చల్లని పెట్టె, అందులో ఖాళీ ట్యూబులు. సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. "అసలైన రక్తం కావాలి. ఏం జరిగిందో రాసి సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ రెండూ లేకపోతే నేనేమీ చేయలేను నివేదితా" అని ప్రయోగానికి పెద్ద అయిన డాక్టర్ గుణశేఖర్ తెగేసి చెప్పాడు.

తీసిన రక్తాన్ని రెండు గంటల్లో ధర్మపురి ల్యాబుకు చేర్చి, యంత్రంలో గిరగిరా తిప్పి పైతేటను వేరు చేయాలి. ఆలస్యమైతే రక్తకణాలు పగిలి వాటి సరుకు పైతేటలో కలిసిపోతుంది. అప్పుడు అది ఎవరి రక్తమైనా ఒకటే, దేనికీ పనికిరాదు.

ఇవన్నీ ఆమె చెప్పగలిగిన సంగతులు. చెప్పలేని సంగతి ఇంకొకటి ఉంది. అది పెట్టెలో మడిచి పెట్టిన రిపోర్టులో ఉంది. సౌభాగ్యానికి మందు పనిచేయడం లేదని చెప్పిన ఆ రిపోర్టు సౌభాగ్యానిది కాకపోతే, అందులో కనిపించిన ఆపద ఇంకెవరిదో అయి ఉండాలి. ఆ మనిషికి ఆ సంగతి తెలియదు.

"రామ్మా, రా. ఈ ఎండలో ఫోన్ చేసి ఉంటే నేనే వచ్చుందునే!" సుబ్బరాయన్ గడప దాటి ఎదురొచ్చాడు. సౌభాగ్యం తమ్ముడు. యాభై దాటినా రోజుకు రెండు ఎకరాల గట్టు నడిచే మనిషి. "మజ్జిగ తాగు ముందు. తరవాతే మాట."

వసారా గోడవారగా శుభలేఖల కట్టలున్నాయి. మూలలకు పసుపు పూసి ఆరబెట్టారు. సుబ్బరాయన్ కొడుకు ముఖేశ్‌కు, సౌభాగ్యం కూతురు ధనలక్ష్మికి తమిళ ఆవణి నెల ఆఖరి ముహూర్తంలో పెళ్ళి. ముఖేశ్ సొంత మినీ లారీలో మారండహళ్ళి చుట్టుపక్కల పండే తక్కాళిని, అంటే టమాటాలను, సేలం మార్కెట్‌కు తోలతాడు. ధనలక్ష్మి ధర్మపురిలో స్కూలు టీచరు. అత్త కూతురు, మామ కొడుకు. పుట్టినప్పుడే అనుకున్న సంబంధం. ఇంకా పదమూడు రోజులుంది.

సౌభాగ్యం మంచం మీద కూర్చుని చిన్నుల్లి వలుస్తోంది. నివేదితను చూడగానే కొంగు తీసి జడ ముందుకు వేసుకుంది.

"చూసుకో, ఒక్క వెంట్రుక రాలలేదు. మా పెదనాయన కూతురు ఆ పాత మందు తీసుకొని, తిరుపతికి పోకుండానే గుండు మొక్కు తీర్చేసుకొనె!"

నివేదిత నవ్వింది. "దగ్గు ఎట్లుందక్కా?"

"తగ్గింది. మిద్దె మెట్లు ఎక్కినా ఆయాసం లేదు. ఆ మాట మీ పెద్ద డాక్టరుతో చెప్పు. యంత్రం ఏం చెప్తుందో కాదు, ఈ సౌభాగ్యం చెప్తాది అని చెప్పు."

మందు పనిచేయని మనిషి ఇలా మాట్లాడదు.

"ఇంకోటి మ్మా. నువ్వు ఆ పొద్దు చెప్పినావే, ఒంట్లో కాపలావాళ్ళుండి కూడా జబ్బును ఎందుకు పట్టుకోరని? నేను బాగా యోచన చేసినాను. దొంగ కోళ్ళ గూటికాడికి వచ్చినప్పుడు కుక్క ఎందుకు మొరగదు? వాడు ముందే కరువాడు ముక్క వేస్తాడు. ఎండు చేప వాసనకు కుక్క తోకాడిస్తాది. అంతే కదా ఈ జబ్బు చేసేది?"

తను ఆరేళ్ళు పరిశోధన చేసిన విషయాన్ని తొమ్మిదో తరగతితో చదువు మానేసిన మనిషి రెండు మాటల్లో చెప్పేసింది.

నిజమే. క్యాన్సర్ కణం చేసేది అదే. ప్రతి కణంలోనూ, ఏ ప్రోటీను తయారు కావాలో చెప్పే ఆజ్ఞ చీటీలు కేంద్రకం నుంచి బయటికి వస్తూ ఉంటాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అనే బుల్లి పోగులు ఆ చీటీలను వెతికి, అక్కరలేనివాటిని దారిలోనే చింపేస్తాయి. క్యాన్సర్ కణం తనకు అడ్డొచ్చే మైక్రో ఆర్‌ఎన్‌ఏలను తగ్గించుకుంటుంది. అప్పుడు చిరగకుండా మిగిలిన చీటీలతో, కాపలా కణాలకు 'నేను మనవాడినే' అని చూపించే గుర్తు ఒంటినిండా తయారు చేసుకుంటుంది. అంతటితో ఆగదు. మరికొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలను చిన్న చిన్న బుడగల్లో కట్టి రక్తంలోకి వదులుతుంది. ఆ బుడగలు కాపలా కణాల్లోకి దూరి, పోట్లాడే చీటీలను చింపి వాటిని నిద్రపుచ్చుతాయి. కరువాడు ముక్కలు అవే. నివేదిత రక్తంలో వెతికేది ఆ ముక్కల కోసమే. మందు పనిచేస్తే అవి తగ్గాలి.

రెండో ట్యూబులో అవి కుప్పలుగా ఉన్నాయి.

"అక్కా, ఆడి పద్దెనిమిది నాడు రక్తం తీసినప్పుడు ఏ చెయ్యి ఇచ్చినావు?" నివేదిత మామూలుగానే అడిగింది.

సౌభాగ్యం తలెత్తింది. "ఆ పొద్దా? ఆ పొద్దు నా రక్తం తీయనే లేదు కదా! నేను నిద్రపోయి లేచేసరికి, ఈసారి అక్కర్లేదని చెప్పి ఆ పిల్లోడు పోయినాడంట. తమ్ముడే చెప్పినాడు."

మజ్జిగ చెంబు పట్టుకొని వస్తున్న సుబ్బరాయన్ అక్కడే ఆగిపోయాడు.

"అన్నా" అంది నివేదిత. "ఆ పొద్దు ట్యూబు మాకు చేరింది. దాని మీద అక్క పేరుంది. లోపల ఉన్నది మగవాడి రక్తం."

తలుపు చాటున వక్క దంచుతున్న రోకలి ఆగింది.

"మగవాడిదని మిషన్ చెప్తాదా?" అన్నాడు సుబ్బరాయన్.

"చెప్తుంది."

"తప్పు చెప్పి ఉంటే?"

"మూడుసార్లు చూసినాను అన్నా."

సౌభాగ్యం వలిచిన ఉల్లిపాయలను చేటలోకి వదిలేసింది. "ఏమిరా సుబ్బా? ఏం చేసినారు మీరు?"

"అక్కా, నువ్వు లోపలికి పో."

"నేనెందుకు పోవాల? అది నా పేరు రాసిన రక్తం. పో అంటే పోయే వయసు దాటినాను. చెప్పు!"

బదులు తలుపు చాటు నుంచి వచ్చింది.

"వాణ్ణి ఎందుకు అడుగుతారు? నన్ను అడగండి. వద్దన్నది నేను."

అంజనమ్మ గోడ పట్టుకొని బయటికి వచ్చింది. ఎనభై ఏళ్ళ ముసలమ్మ. చూపు మందగించింది. నివేదిత ఎక్కడ ఉందో మాటను బట్టి పట్టుకొని అటు తిరిగింది.

"ఆడబిడ్డ నెత్తురు ఈ ఇంట్లో చుక్క పడకూడదు. ఇది ఊరి కట్టుబాటు కాదమ్మాయీ. నేను పెట్టినది. మూకాయి అని నా పెద్ద కూతురు. వీళ్ళిద్దరికంటే పెద్దది. తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకొంటిమి. అదో, ఆ గదిలోనే. బిడ్డ బయటపడినాడు. నెత్తురు మాత్రం నిలవలేదు. ధర్మపురికి పోను బండి కట్టేలోపల..." ఆమె చేత్తో గాలిలో ఏదో తుడిచేసింది. "గడప దాకా పారింది. నేనే కడిగినాను. ఆ పొద్దు ఒట్టు పెట్టుకొంటిని. పండగ పూట ఆ పిల్లోడు సూది తీసినాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. నా బిడ్డకు ఈ ఇంట్లో సూది పెట్టొద్దు, పెడితే నేను బావిలో పడతాను అన్నాను. తప్పయితే నన్ను పట్టుకొని పో."

నివేదిత కోపం తెచ్చుకుందామని వచ్చింది. కోపం తెచ్చుకోవడానికి ఇక్కడ ఎవరూ లేరు.

"అవ్వా, నిన్ను ఎవరూ పట్టుకొని పోరు" అంది మెల్లగా. తర్వాత సుబ్బరాయన్ వైపు చూసింది. "అన్నా, అవ్వ వద్దంది. సరే. మరి ట్యూబు ఎట్లా నిండింది?"

"ఆ ల్యాబు పిల్లోడు ఖాళీగా పోతే తిడతారన్నాడు. ఈ పొద్దు రక్తం పోకపోతే అక్క పేరు లిస్టులోంచి తీసేస్తారన్నాడు." సుబ్బరాయన్ చెంబు నేల మీద పెట్టాడు. "ఒక కడుపున పుట్టినోళ్ళం. నెత్తురు ఒకటే కదా అనుకొంటిమి. ఆడి పద్దెనిమిదికి తోడబుట్టినదానికి సీరు పెట్టాల. చీర పెడతాము, గాజులు పెడతాము. ఈ తూరి నెత్తురు పెట్టినామని అనుకొంటిమి."

"నీ రక్తమా అన్నా?"

ఒక్క క్షణం ఆగాడు. "నాదే."

"మొద్దా!" అంది సౌభాగ్యం. "నా జబ్బు నీ నెత్తురులో ఎట్లా కనిపిస్తాదిరా?"

"అక్కా, నీకు గుచ్చి గుచ్చి చెయ్యి నల్లగా కమిలిపోయి ఉండె. చూడలేకపోతిని."

సౌభాగ్యం తిట్టబోయి ఆగింది. తమ్ముడి చెయ్యి పట్టుకొని మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది.

నివేదిత గడియారం చూసింది. పదకొండూ నలభై. "ఇప్పుడు వినండి. ఆ ట్యూబు వల్ల అక్కకు మందు పనిచేయలేదని అనుకొన్నారు. సోమవారం ఇవ్వాల్సిన ఊసి, అదే ఆ మందు సూది, ఆపేస్తామంటున్నారు."

సుబ్బరాయన్ మంచం మీంచి లేచాడు. "ఆపేస్తారా? మా వల్లనా?"

"ఆపకుండా చేయనే వచ్చినాను. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టు. అక్క రక్తం నాకు ఇప్పుడే కావాలి. నిజం చెబితే పేరు కొట్టేస్తారేమోనని భయపడొద్దు. నిజం చెప్పకపోతే తప్పకుండా కొట్టేస్తారు."

"రాస్తాను. తెలుగు మాట్లాడను వచ్చు గానీ రాయను రాదు."

"తమిళంలోనే రాయి అన్నా."

అతను శుభలేఖల కట్ట మీద కాగితం పెట్టుకొని రాశాడు. ఒక చోట కలం ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. నివేదిత తీసుకొని చదివింది. అమ్మ ఒట్టు, ల్యాబు మనిషి తొందర, అన్నీ ఉన్నాయి. 'అక్క రక్తానికి బదులు మా ఇంటి మనిషి రక్తం ఇచ్చాము' అని ఉంది.

"ఇంటి మనిషి అంటే నువ్వే కదా? నీ పేరు రాయలేదే?"

"కింద సంతకం నాదే కదమ్మా. అది చాలదా?"

టైము తరుముతోంది. నివేదిత కాగితాన్ని ఫోటో తీసి గుణశేఖర్‌కు పంపింది.

"ఇక రక్తం. అవ్వా, నీ ఒట్టు ఈ ఇంటికే కదా? నా కారు ఇంటి ఎల్ల దాటి రోడ్డు మీద ఉంది."

"రోడ్డు సర్కారుది" అంది అంజనమ్మ. "పద."

కారు వెనక సీటులో సౌభాగ్యం కూర్చుంది. తలుపు తీసే ఉంది. నివేదిత రబ్బరు పట్టీ కట్టి, మోచేతి మడతలో నరం కోసం తడిమింది. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి గుచ్చబోతుంటే ఎముకలు తేలిన ఓ చెయ్యి వచ్చి సౌభాగ్యం మణికట్టు పట్టుకుంది. అంజనమ్మ గడప దిగి, మట్టిలో కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చింది.

"చూడను. పట్టుకొంటాను. తియ్యి" అంది కళ్ళు గట్టిగా మూసుకొని.

"నువ్వు తెరిచినా కనపడదు కదమ్మా!" అంది సౌభాగ్యం. తల్లీ కూతుళ్ళిద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే నరం దొరికింది. ముదురు ఎరుపు గాజు గోడ వెంట పైకి లేచింది. ఒక ట్యూబు. రెండు ట్యూబులు. నివేదిత వాటి మీద పేరు, తారీఖు, టైము తన చేత్తో రాసింది. పన్నెండూ ఐదు.

ఒక్క చుక్క కింద పడలేదు.

అదే సమయానికి ఫోను మోగింది. గుణశేఖర్. "కాగితం చూశాను. ఇలాంటిది నా సర్వీసులో చూడలేదు. అసలు రక్తం చేతికి వచ్చిందా?"

"వచ్చింది సార్. రెండు ట్యూబులు."

"అయితే తప్పించే కాగితం మీద నేను సంతకం పెట్టను. కమిటీతో నేను మాట్లాడతాను. కొత్త ఫలితం వచ్చేదాకా మందు ఆగదు. సోమవారం ఆమెను తీసుకురమ్మను." ఆయన గొంతు తగ్గించాడు. "రెండో సంగతి చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పు. దాచే హక్కు మనకు లేదు."

సోమవారం మందు ఆగదని చెప్పగానే అంజనమ్మ కూతురి నుదుటికి వేళ్ళు తాకించి, తన కణతల దగ్గర విరుచుకుంది. సౌభాగ్యం కళ్ళు తుడుచుకుంది. సుబ్బరాయన్ మాత్రం కారు నీడలో, కట్టిన పంచె కింద మట్టి అంటుతున్నా పట్టించుకోకుండా కూలబడిపోయాడు. బరువు దించుకున్న మనిషిలా ఉన్నాడు.

ఆ బరువును అతని మీద మళ్ళీ పెట్టవలసింది తనే. నివేదిత అతన్ని తోట గట్టు మీదికి పిలుచుకొనిపోయింది.

"అన్నా, ఆ ట్యూబులో మేము వెతికినది ఎక్కువగా కనపడింది. అక్క చెప్పిన కరువాడు ముక్కలు. అందుకే అక్కకు జబ్బు తగ్గలేదనుకొన్నాము. కానీ ఆ రక్తం అక్కది కాదు."

అతను చూస్తున్నాడు. అర్థమవుతోంది. కానీ ఆ అర్థాన్ని దగ్గరికి రానివ్వడం లేదు.

"అది జబ్బు ఉందని చెప్పే కాగితం కాదన్నా. వెంటనే చూడమని చెప్పే కాగితం. టీబీ ఉన్నా, ఇంకేదైనా వాపు ఉన్నా కొన్నిసార్లు అట్లా కనపడవచ్చు. ఏమీ లేకపోనూ వచ్చు. కానీ చూడకుండా వదలకూడదు. స్కాన్ తీయాలి. ఆలస్యం చేయకూడదు."

సుబ్బరాయన్ మరవళ్ళి ఆకు ఒకటి తుంచాడు. దాన్ని ముక్కలు ముక్కలు చేశాడు.

"అక్క మందు మాత్రం ఆగదు కదా?"

"ఆగదు."

"అట్లయితే సరి." ఇంకో ఆకు తుంచాడు. "ఇది చిన్న వయసోళ్ళకు కూడా వస్తాదామ్మా?"

"ఏ వయసుకైనా రావచ్చు. ఎందుకన్నా? ఇప్పుడు నీ సంగతి చూద్దాం. నీ రక్తం ఇంకోసారి తీస్తాను. ముందుదానితో పోల్చి చూడాలి."

"తీయాలనా? ఇప్పుడేనా?"

"ఇప్పుడే. ధర్మపురికి ఎట్లాగూ పోతున్నాను."

అతను బలిపీఠం దగ్గరికి పోతున్నవాడిలా నడిచి వచ్చి కారు సీటు అంచున కూర్చున్నాడు. చొక్కా చెయ్యి మడిచాడు. నివేదిత సూది మూత తీసింది.

సుబ్బరాయన్ నుదుటి నిండా చెమట పట్టింది. కళ్ళు పైకి తేలిపోయాయి. అంత మనిషీ మరవళ్ళి మూటలా పక్కకు ఒరిగిపోయాడు.

"అయ్యో, వీడికి సూదా చూపించినావు!" సౌభాగ్యం నీళ్ళ చెంబుతో పరుగెత్తింది. "చిన్నప్పుడు స్కూల్లో టీకా వేయను వస్తే మూడు దినాలు చింతచెట్టు దిగలేదు వీడు. నాకు సూది వేసినా బయటికి పోయి నిలబడతాడు. పెళ్ళయి పాతికేళ్ళు దాటింది, ఇంకా ఇంతే!"

నీళ్ళు చల్లుతున్న నివేదిత చెయ్యి ఆగిపోయింది.

సూది చూస్తేనే పడిపోయే మనిషి. ఆడి పద్దెనిమిది నాడు నిమ్మళంగా కూర్చుని ట్యూబు నిండా రక్తం ఇచ్చాడా? కాగితం మీద 'నేను' అని రాయకుండా ఆగిన కలం. 'చిన్న వయసోళ్ళకు కూడా వస్తాదా' అన్న ప్రశ్న.

సుబ్బరాయన్ కళ్ళు తెరిచాడు. నివేదిత అతని మీదికి వంగింది. గట్టిగా మాట్లాడవలసిన అవసరం లేదు.

"అన్నా, ఆ పొద్దు చెయ్యి చాపింది నువ్వు కాదు."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెంపల మీది చెంబు నీళ్ళలో కలిసిపోయాయి.

"కేసు పెడతారేమో అనుకొంటినమ్మా. పెళ్ళి నెలలో పిల్లోడి పేరు పోలీసుల కాడికి పోకూడదని... నాది అంటిని. నువ్వు గట్టు మీద ఆ మాట చెప్పినాక నోట్లోంచి నిజం రాలేదు. నిజం చెప్తే అది వాడిదై పోతాది కదా. నాదే అని ఉంటే నాదే అయిపోతాదేమో అని..." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "అత్త కోసం నేనిస్తాను నాయనా, నువ్వు పక్కకు పో అన్నాడు వాడు. నవ్వుతా ఇచ్చినాడు."

"వాడు అంటే ఎవడు?" అంది సౌభాగ్యం. అడిగింది గానీ, అప్పటికే ఆమెకు తెలిసిపోయింది. చెంబు చేతిలోంచి జారి మట్టిలో పడింది.

మలుపులో హారన్ మోగింది. పసుపుపచ్చ మినీ లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి కారు వెనక ఆగింది. ఖాళీ తక్కాళి పెట్టెలు గలగలలాడాయి. ముఖేశ్ తలుపు తన్ని తెరిచి దూకాడు. ఇరవై ఆరేళ్ళవాడు. ఎండకు కాలిన ముఖం, తెల్లటి పళ్ళు.

"ఏమత్తా, రోడ్డు మీద సభ పెట్టినారా? నాయనెందుకు తడిసిపోయినాడు? మళ్ళీ సూది చూసినాడా?"

ఎవరూ నవ్వలేదు. అంజనమ్మ తప్ప అందరూ అతన్నే చూస్తున్నారు. ఆమె కూడా అతని మాట వచ్చిన వైపే ముఖం తిప్పింది.

సౌభాగ్యం ముందుగా కదిలింది. వెళ్ళి మేనల్లుడి మణికట్టు పట్టుకుంది. తన చేతికి ఇంకా దూది అంటుకునే ఉంది.

"రారా. ఇక్కడ కూర్చో, నా పక్కన."

"ఏం, మళ్ళీ నా నెత్తురు కావాలనా? దానికేమి, ఎంత కావాలన్నా తీసుకోమను." ముఖేశ్ కారు సీటు మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి లాగాడు. "త్వరగా తియ్యండి డాక్టర్, రెండింటికి లోడ్ ఉండాది."

"ఆగు. తీసే ముందు నీకు ఒక సంగతి చెప్పాలి. విన్నాక, నువ్వు సరే అంటేనే తీస్తాను" అంది నివేదిత.

"ముఖం అట్లా పెట్టినారేమి? పెళ్ళి మీద పోలీసు కేసా?" అని నవ్వుతూ, ఉక్కకు తట్టుకోలేక కాలరు గుండీ విప్పి మెడ తుడుచుకున్నాడు.

అప్పుడు కనిపించింది. మెడకు ఎడమ పక్కన, సరిగ్గా కాలరు ఎముక మీద, చర్మం కింద ఉసిరికాయంత గడ్డ.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అంది నివేదిత, దగ్గరికి వంగి.

"ఇదా?" ముఖేశ్ దాన్ని వేళ్ళతో అటూ ఇటూ కదిపి చూపించాడు. "భుజాన తక్కాళి పెట్టెలు మోసి మోసి కాసిన కాయ డాక్టర్. లారీ పనిలో అందరికీ ఉంటాది. రెండు నెలలాయె. దీనికేమి?" గట్టిగా నొక్కి, అత్త వైపు తిరిగి కన్ను గీటాడు. "ఇంత నొక్కినా నొప్పి లేదు, చూడు!"

నొప్పెట్టే గడ్డ కన్నా నొప్పి లేని గడ్డకే డాక్టర్లు ఎక్కువ భయపడతారు. నివేదిత సూదికి మళ్ళీ మూత పెట్టింది. నొప్పి లేని గడ్డ గురించి పదమూడు రోజుల్లో పెళ్ళి పీటలు ఎక్కవలసిన మనిషికి మొదటి వాక్యం ఎలా చెప్పాలో ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.